అవసరమునకు వెల

బీదలకుఁ బొదుపు తెలియదని కలవా రనుట వాడుక. ఆ మాట నిజము కాదనుటకుఁ జీటీయే సాక్షి. కూలివారును, చిల్లర వర్తకులును, గృహిణులును ఒకరి మాట నొకరు నమ్మి నడపుకొనుచున్న యేర్పాటది. నెలకు 100 రూపాయల చొప్పున 20 మంది కూడినచో నెలనెల 2,000 రూపాయలు పోగగును. ఏ యొక్కనికిని ఒంటరిగా సమకూరని మొత్తము వంతులవారీగా నందఱి చేతికిని వచ్చును. దారిద్ర్యమును దగ్గించుటకు నిది మంచి సాధనమే.

అయినను ఇందొక ధర్మసందేహము కలదు. పాటచీటీయందు ఎవఁ డెక్కువ సొమ్ము వదలుకొనునో వానికే చీటీ దక్కును. బిడ్డకు జబ్బు చేసిన తండ్రి 400 రూపాయలు విడిచి 1,600 పుచ్చుకొనె ననుకొందము. నిర్వాహకుని రుసుము నటుంచిన, విడిచిన సొమ్ము 20 పాళ్లై సభ్యులకుఁ జేరును. అనఁగా నొకని యాపద తక్కిన 19 మందికిఁ దలకు 20 రూపాయల లాభమైనది!

వడ్డీవ్యాపారి కంటె నిది మేలు కాదా యని కొంద ఱందురు. మేలే. కడపటివఱకు వేచినవానికిఁ గొంత ప్రతిఫల ముండుటయు న్యాయమే. కాని యంగడి పెంచుకొనఁ బాడినవాఁడు లాభమునకై వెల యిచ్చుచున్నాఁడు. ఔషధమునకై పాడినవాఁడు గత్యంతరము లేక యిచ్చుచున్నాఁడు. 1982వ సంవత్సరపు చిట్ ఫండ్ల చట్టము తగ్గింపునకు హద్దు విధించినది గాని, చట్టము మొత్తమునే చూచును, కారణమును జూడనేరదు.

నెల్లూరు మండలమున 1992లో సారాపై నుద్యమించిన స్త్రీలు పిమ్మట దినమున కొక్క రూపాయి కూడఁబెట్టి పొదుపు సంఘములు నెలకొల్పుకొనిరి. అట్టి సంఘములందుఁ బాట లేదు. ఎవరి యక్కఱ ముందో సభ్యులు కూర్చుండి మాటలాడుకొందురు; వడ్డీయు సంఘనిధికే చేరును. అయితే యిదియు నపాయరహితము కాదు. పరస్పరపు పూచీని బయటి ఋణసంస్థలు వసూలునకు సాధనముగాఁ జేసికొన్నచోట్ల నిరుగుపొరుగువారే పీడకులైరి. ఆ యాగడముల నరికట్టుటకై 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మార్డినెన్సు జారీ చేయవలసి వచ్చెను.

కావునఁ జీటీలను మానుఁడని మేము చెప్పము. ప్రతి పాటయందును వచ్చు తగ్గింపులోఁ గొంత పంచుకొనక వేఱుగా నుంచి, రోగము, మరణము మొదలగు నాపదలయందు వడ్డీ లేక యిచ్చుట మే లందుము. విజ్ఞులగు చదువరులలోఁ బెక్కండ్రు చీటీలు కట్టువారే. వచ్చు నెల పాటనాఁడు ఈ ప్రస్తావన చేసి చూడుఁడు.