చూడదగ్గ స్థలాలు – చూసేవాడి బాధ్యత

బాధ జరిగిన చోటు చూడదగ్గ స్థలంగా మారినప్పుడు, దానిని చూసేవాడికి నైతికబాధ్యత ఏమైనా ఉన్నదా? యాత్రికుడు న్యాయాధిపతి కాడనీ, అన్నీ చూడాలే గాని ఏ పక్షమూ వహించకూడదనీ అనేవారు మనలో చాలామంది ఉన్నారు. ఈ అభిప్రాయం వినడానికి ఉదారంగా ఉంటుంది. కాని విమర్శకు నిలిచేది కాదని నా వాదం.

వాదాన్ని గాలిలో నడపకుండా ఒక ఊరిని తీసుకుందాం. అమెరికాలో అలబామా రాష్ట్రానికి రాజధాని మాంట్‌గొమరీ. మన కళాశాలల్లో చదివి ఆ దేశం వెళ్ళిన విద్యార్థులు సెలవుల్లో ఇటువంటి ఊళ్ళు చూసి ఫోటోలు పంపుతూ ఉంటారు. నేను ఆ ఊరు చూసినవాణ్ణి కాను, దానిని గురించి చదివినవాణ్ణి.

అక్కడి శాసనభవనం మెట్ల పైన ఒక లోహపు నక్షత్రం ఉన్నది. బానిసత్వాన్ని నిలుపుకోడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సమాఖ్యకు అధ్యక్షుడుగా జెఫర్సన్ డేవిస్ 1861 ఫిబ్రవరి 18న ప్రమాణం చేసిన చోటు అది. 1963 జనవరిలో గవర్నర్ జార్జ్ వాలెస్ అక్కడే ప్రమాణం చేసి, వర్ణవివక్షను ఎన్నటికీ వదలబోమని చాటాడు. ఆ మెట్లకు కూతవేటు దూరంలో, 1954లో మార్టిన్ లూథర్ కింగ్ మతబోధకుడుగా చేరిన చర్చి ఉన్నది. 1955 డిసెంబరు 1న రోసా పార్క్స్ బస్సులో సీటు వదలనన్నది ఈ ఊళ్ళోనే. ఆమె అరెస్టు తరువాత నల్లవారు 381 రోజులు బస్సులెక్కలేదు. ఓటుహక్కు కోసం సెల్మా నుంచి నడిచి వచ్చిన జనం 1965 మార్చి 25న చేరింది ఆ శాసనభవనం ముందుకే.

ఇప్పుడు యాత్రికులకిచ్చే జాబితా చూడండి. డేవిస్ కాపురమున్న ఇల్లు, రోసా పార్క్స్ ప్రదర్శనశాల, శాసనభవనం, చర్చి అన్నీ ఒకే వరుసలో, తెరిచే వేళలతో సహా ఉంటాయి. బానిసల యజమానుల జ్ఞాపకానికీ, బానిసల సంతతి తిరుగుబాటుకూ ఒకే గౌరవం! దీనినే నిష్పక్షపాతం అంటున్నారు.

ఇది నిష్పక్షపాతం ఎందుకు కాదు? రాళ్ళు వాటంతటవి నిలబడవు, ఎవరో నిలబెడతారు. శాసనభవనం ముందు డేవిస్ విగ్రహాన్ని 1940లో ప్రతిష్ఠించారు. అప్పటికి, 1901 నాటి రాష్ట్ర రాజ్యాంగం పుణ్యమా అని, అలబామాలోని నల్లవారిలో అత్యధికులకు ఓటు లేదు. ఎవరికి ఓటు ఉన్నదో వారి విగ్రహమే నిలబడింది. 2017లో అదే రాష్ట్రం ఒక చట్టం చేసింది: ప్రభుత్వ స్థలాల్లో నలభై ఏళ్ళకు పైబడి ఉన్న స్మారకాలను కదిలించరాదు. పైకి చూస్తే ఈ చట్టం అందరికీ సమానమే. కాని నలభై ఏళ్ళకు పూర్వం రాళ్ళు పాతే అధికారం ఎవరి చేతిలో ఎక్కువగా ఉన్నది? అధికారం లేనివారికి కాపాడుకోడానికి రాళ్ళెక్కడివి? అసమానంగా నిర్మించిన దానిని సమానంగా రక్షించడమంటే అసమానతను రక్షించడమే. అదే విధంగా అసమానమైన వాటిని సమానంగా చూసే కన్ను కూడా తెలియకుండానే ఒక పక్షం వహిస్తున్నది.

శాసనభవనంలో వంపులు తిరిగిన మెట్లవరుసలను చూసి అందరూ ముచ్చటపడతారు. వాటిని కట్టినవాడు హోరేస్ కింగ్ అని చెబుతారు. బానిసగా పుట్టి, 1846లో విముక్తి పొంది, అంతర్యుద్ధం తరువాత ఆ రాష్ట్ర శాసనసభకే సభ్యుడైన వంతెనల మేస్త్రీ ఆయన. మెట్ల అందం చూసి ఆయన పేరు అడగకుండా వచ్చినవాడు సగమే చూసి వచ్చాడు.

ఇంతవరకు ప్రశ్న సులభం. కష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. బాధితుల పక్షాన కట్టిన స్మారకం మాత్రం వినోదం కాకుండా ఉంటుందా? టిక్కెట్టు కొని, కన్నీరు కార్చి, హోటలుకు పోయి భోజనం చేసేవాడికి ఒరిగేదేమిటి? దుఃఖం కూడా అమ్ముడుపోయే సరుకు కాదా?

ఇక్కడ మన అలంకారశాస్త్రం కొంత దారి చూపుతుంది. లోకంలో బాధపెట్టే శోకం కావ్యంలో ఆనందమెలా అవుతుందని మన ఆలంకారికులు చర్చించారు. భట్టనాయకుడు చెప్పిన సమాధానం సాధారణీకరణం. శోకం ఒక వ్యక్తికీ, దేశానికీ, కాలానికీ చెందినది కాకుండా పోయినప్పుడే సహృదయుడికి కరుణరసాస్వాదం కలుగుతుంది. కావ్యానికి ఇది గుణమే. చరిత్రకు ఇదే ప్రమాదం. హత్య ఎవరిదో, ఎవరు చేశారో, ఎక్కడ జరిగిందో తుడిచివేస్తే మిగిలేది ఆస్వాదించదగ్గ దుఃఖం మాత్రమే.

2018లో మాంట్‌గొమరీలో తెరిచిన స్మారకం ఈ సాధారణీకరణాన్ని నిరాకరించింది. తెల్లమూకలు చంపిన నాలుగు వేలమందికి పైగా నల్లవారి కోసం కట్టినది అది. అక్కడ ఎనిమిది వందలకు పైగా ఉక్కు దిమ్మెలు ఉన్నాయి. ఒక్కొక్క దిమ్మె ఒక్కొక్క జిల్లాది. దాని మీద ఆ జిల్లాలో చంపబడినవారి పేర్లు చెక్కారు, పేరు దొరకనివారిని తెలియనివారని రాశారు. నడిచేకొద్దీ నేల దిగుతుంది, దిమ్మెలు తలపైకి వేలాడతాయి. బయట అవే దిమ్మెల నకళ్ళు పరచి ఉన్నాయి. ఏ జిల్లా దిమ్మెను ఆ జిల్లా అడిగి తీసుకుపోయి తన నేల మీద నిలుపుకోవాలని నిర్మాతల ఉద్దేశం.

నా దృష్టిలో ఈ నకలు దిమ్మె చాలా విలువైన ఆలోచన. చూసేవాడికి అది, ‘చూశావుగా, ఇక వెళ్ళు’ అని చెప్పదు. ‘నీ ఊరి వాటా ఇదుగో, మోసుకుపో’ అంటుంది. ఏడ్చిన కన్నీటితో బాకీ తీరదని దాని అర్థం.

మన వాటా ఏది? కింగ్ 1959లో భారతదేశం వచ్చినప్పుడు కేరళలో ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఆయనను పిల్లలకు అమెరికా అంటరానివాడుగా పరిచయం చేశాడు. మొదట నొచ్చుకున్న కింగ్, ఆలోచించి ఆ మాట నిజమేనని ఒప్పుకున్నాడు. అక్కడి దుఃఖం ఇక్కడి భాషలో అర్థమయిందన్న మాట. అలాంటప్పుడు మాంట్‌గొమరీలో కళ్ళు తుడుచుకున్న మన విద్యార్థి 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో చంపబడిన దళితుల పేర్లు తెలియకుండా తిరిగివస్తే ఏమనాలి? చుండూరు కేసులో ప్రత్యేక న్యాయస్థానం 2007లో వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసింది. ఎనిమిది మంది చనిపోయిన మాట మాత్రం కొట్టివేయడానికి వీలులేనిది.

దూరపు దుఃఖానికి కరగడం సులభం, దానికి మనం జవాబుదారులం కాము. అందుకని దూరప్రయాణాలు మానమని నేను అనడం లేదు. చూడండి. కాని ప్రతి రాయి ముందూ మూడు ప్రశ్నలు వెయ్యండి: దీనిని నిలబెట్టినప్పుడు ఎవరి నోరు కట్టేసి ఉన్నది? దీనికి ఎవరి చెమట ఖర్చయింది? దీనివలన నా ఊళ్ళో నేను చెయ్యవలసిన పని ఏది? మూడవదానికి జవాబు చెప్పుకోలేనివాడు ఎన్ని ఊళ్ళు తిరిగినా కాలక్షేపం చేసినవాడే అవుతాడు.