దేహమందలి ధర్మశాసనము



పరమేశ్వరుని మహిమను దెలిసికొనఁగోరి జనులు దూరదేశములకుఁ దీర్థయాత్రలు చేయుదురు. నేఁడు మేము మిమ్మంత దూరము పిలువము. మీరు వెంటఁ దెచ్చుకొన్న యీ దేహమునే యొక ఘడియ విచారింపుఁడని వేఁడుచున్నాము.

నిప్పుకణము సోఁకినతోడనే చేయి వెనుకకు వచ్చును. నొప్పి తెలియుట యటుపిమ్మట. స్పర్శను గొనిపోవు నాడి వెన్నుపామునకు వార్త నందింపఁగా, వెన్నుపాము తానే కండరములకు నాజ్ఞ యిచ్చును. మెదడునకు వార్త చేరునప్పటికిఁ బని ముగిసియే యుండును. గ్రామాధికారి మంట లార్పించి పిదపఁ బై యధికారికి నివేదిక పంపినట్లున్నది గదా!

ఆ పై యధికారియైన మెదడు మన బరువులో నించుమించు 50వ వంతు. అయినను మనము గ్రహించు ప్రాణవాయువులో 5వ వంతు దానికే కావలెను. చూపు, మాట, నడక, జ్ఞాపకము, వీనికన్నిఁటికిని దానియందు స్థానములు గలవు. 1861లో బ్రోకా యను పారిసు వైద్యుఁడు, మాట పోయిన యొక రోగి మరణానంతరము వాని మెదడును బరీక్షించి, యెడమవైపు ముందుభాగము చెడియుండుటను జూపెను. నాలుక చెడలేదు, పలుకును గూర్చు స్థానము చెడెను.

నాడులే సర్వమును నడపుననుకొనరాదు. 1902లో లండనునందు బెయ్లిస్, స్టార్లింగ్ అను శాస్త్రజ్ఞులు ప్రేవులో నొక భాగమునకుఁ బోవు నాడులను ద్రెంచి, దానిలో నామ్లమును బోసిరి. అయినను క్లోమము తన రసమును స్రవించెను. వార్త రక్తము గుండఁ బోయెనని తేలెను. ఇట్టి రక్తదూతలకే 1905లో స్టార్లింగ్ హార్మోనులను పేరు వాడెను. మెదడు క్రిందనుండు బఠాణిగింజయంత పీయూషగ్రంథి మెడయందలి థైరాయిడు గ్రంథికి నాజ్ఞ యిచ్చును. థైరాయిడు రసము రక్తమునఁ జాలినంత కాఁగానే యదియే తిరిగి పీయూషగ్రంథి నడ్డగించును. ఆజ్ఞాపించునదియు నాజ్ఞకు లోఁబడియే యున్నది! ఇట్టి రాజ్యాంగమును మన దేహమున వ్రాసినవాఁడు నిరంకుశుఁడు కాఁడు, ధర్మస్వరూపుఁడు.

ఈ ధర్మము నెఱుఁగకపోవుటచేత మనుష్యులు మనుష్యులకుఁ జేసిన యన్యాయ మింతంత కాదు. థైరాయిడునకు దినమునకు 150 మైక్రోగ్రాముల అయొడిను చాలును. అది మిక్కిలి కొఱవడిన తల్లికిఁ బుట్టు శిశువు మందబుద్ధియు, ఒక్కొక్కప్పుడు మూఁగయుఁ జెవుడునగును. హిమాలయముల చెంత కాంగ్రా లోయలో గళగండము బహుళముగా నుండెడిది. శ్రీకాకుళమునఁ బుట్టిన వైద్యశాస్త్రజ్ఞుఁడు వులిమిరి రామలింగస్వామి గారును వారి సహచరులును 1956 మొదలుకొని యచటి కొన్ని భాగములకు అయొడిను గలిపిన యుప్పును, ఒక భాగమునకు మామూలు ఉప్పును ఇప్పించి పరిశీలించిరి. అయొడిను గలిసిన చోట్ల గళగండము తగ్గెను. ఆ బిడ్డలది పూర్వజన్మ పాపమని చెప్పినవారు చూపిన కరుణ యేది? ఆ పాపమును గడిగినది యుప్పు.

అపస్మారమును గూర్చియు నిట్లే. అది దేవతల యాగ్రహము గాదనియు, మెదడు వ్యాధి యనియు రెండువేల నాలుగువందల యేండ్ల నాఁడే గ్రీకు వైద్యులు వ్రాసిరి. 1929లో జర్మనీ వైద్యుఁడు హాన్స్ బెర్గర్ మెదడునందలి విద్యుత్తరంగములను లిఖించి ప్రకటించెను. తరువాతివారు మూర్ఛవేళ నా తరంగములు కల్లోలమగుటను గనుఁగొనిరి. అయినను మనయింట భూతవైద్యునికే మొదట కబురు పోవును. హిందూ వివాహ చట్టమునందు 1976లో అపస్మారము వివాహమునకు దోషముగాఁ జేర్పఁబడి, 1999లోఁ దొలఁగింపఁబడెను. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాఁటి యేర్వాడిలో మనోవ్యాధిగ్రస్తులను గొలుసులతోఁ గట్టియుంచిన యొక పాకకు నిప్పంటుకొనఁగా 28 మంది మరణించిరి. వారు పరుగెత్తఁజాలనిది కాళ్లు లేక కాదు. రోగులను గొలుసులతో బంధించుటను 2017 నాఁటి చట్టము నిషేధించినది.

సర్వమును మెదడే నడపునేని పుణ్యపాపము లెక్కడివని విద్యావంతులు కొందఱు మమ్మడుగుచున్నారు. ఊపిరిని జూడుఁడు. నిద్రలో మెదడు కాండమే దానిని నడపును. మేల్కొన్నప్పుడు మనము కొంతసేపు దానిని బిగఁబట్టనుఁగలము, విడువనుఁగలము, అంతకు మించి యాపఁజాలము. నియమము లోపల నింత స్వాతంత్ర్యము మన కీయఁబడినది. బాధ్యతయు నంతటిదే. బుద్ధి చెడి, తాను జేయునది యెఱుఁగనివానికి దోషము లేదని 1860 నాఁటి శిక్షాస్మృతి చెప్పెను. 2023లో నూతన సంహిత వచ్చినను ఆ సూత్రము నిలిచియున్నది. న్యాయస్థానము చూపు నింతటి కనికరమైనను మన వాకిళ్లలోఁ గానరాకుండుట కంటె సిగ్గేమున్నది?

కావున సోదరులారా, మూర్ఛవచ్చిన బిడ్డచేత నినుపముక్క పెట్టకుఁడు, నోటిలో నేమియుఁ ద్రోయకుఁడు. ప్రక్కకుఁ దిప్పి పరుండఁబెట్టి, వైద్యునొద్దకుఁ గొనిపొండు. మతి చలించినవారిని గదిలో దాఁపకుఁడు. పెండ్లిమాటలలో వ్యాధిని మఱుగుపఱుపకుఁడు. వ్యాధి యున్నదని మనుష్యునిఁ ద్రోసివేయకుఁడు. దేహమందలి శాసనముల నెఱిఁగి దుఃఖితులను దూషింపక సేవించుటయే యా శాసనకర్త కర్పింపఁదగిన పూజ.

సర్వాంతర్యామీ! మా యజ్ఞానమునకు నీ పేరు పెట్టుకొను దోషమునుండి మమ్ముఁ గాపాడుము.