సబ్బు కలిసిన ధార

చెన్నైలోని మా వంటింటి కుళాయికి మొన్న ఒక చిన్న తొడుగు తగిలించాం. తిప్పితే చాలు, నీళ్ళతో పాటే ద్రవసబ్బూ కలిసి పడుతుంది. ఇందులో మంత్రమేమీ లేదు. ఇరుకు దారిలో నీటి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. ఆ లోటు సీసాలోని సబ్బును లాక్కుంటుంది. ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురీ 1797లో వివరించిన సంగతే.

కీళ్ళనొప్పులతో వేళ్ళు వంగని మా అత్తయ్య సంతోషించింది. నేనూ సంతోషించాను. వారం తిరిగాక గమనించాను: గిన్నె రుద్దుతున్నంతసేపూ ధార పారుతూనే ఉంది. పూర్వం పీచుకు సబ్బు అద్దుకుని, కుళాయి కట్టేసి తోమేవాళ్ళం. ఇప్పుడు సబ్బు కావాలంటే నీళ్ళు పారవలసిందే.

2019 వేసవిలో ఈ ఊరికి నీళ్ళిచ్చే పెద్ద చెరువులు దాదాపు ఎండిపోయాయి. తెలుగుగంగ నీళ్ళు వచ్చి చేరే పూండి కూడా అందులో ఒకటి. లారీ వెనుక బిందెతో నిలబడిన చేతులే ఇవి.

మరి తప్పు తొడుగుదా, నాదా? సౌకర్యం పాపం కాదు. అత్తయ్య నొప్పి తగ్గడం చిన్న విషయమూ కాదు. కాని యంత్రం మన శ్రమతో పాటు ‘ఇక చాలు’ అనే మాటను కూడా మన నుంచి తీసుకుపోతుంది. శ్రమను దానికి అప్పగించవచ్చు. ఆ మాటను అప్పగించకూడదు.

తొడుగు తీసెయ్యలేదు. బేసిన్‌లో కాసిని సబ్బునీళ్ళు పట్టి, కుళాయి కట్టేసి, అందులోనే అంట్లన్నీ తోముతున్నాం. కట్టేసే చెయ్యి మాత్రం మాదే.