పోటీ ప్రకృతి ధర్మమేనా?

"లోకమంతా పోటీమయమండీ, కాదనడానికి మనమెవరం?" అన్న మాట వినకుండా బెంగళూరులో ఒక్క రోజు గడవదు. ఎల్.కె.జి. సీటు దగ్గర మొదలై ఉద్యోగంలో ప్రమోషను దాకా ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. గెలిచినవారు గర్వంగా అంటారు, ఓడినవారు నిట్టూరుస్తూ అంటారు. ఇద్దరి నమ్మకమూ ఒక్కటే: పోటీ ఎండా వానా లాంటిది, తట్టుకోవలసిందే గాని మార్చడానికి వీలులేనిది అని. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించాలని నా ప్రయత్నం.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. తత్వశాస్త్రం నా వృత్తి కాదు. కాని మా తెలుగు మిత్రుల నెలవారీ గోష్ఠిలో ఈమధ్య ఇద్దరు ఈ విషయం మీద గట్టిగా తలపడ్డారు. ఒకరు ముప్పై ఏళ్ళుగా ఇనుప సామాన్ల దుకాణం నడుపుతున్న పెద్దమనిషి. రెండోవాడు సమాజశాస్త్రంలో పరిశోధన చేస్తున్న యువకుడు. "అడవిలో పులి జింకను వదిలిపెడుతుందా నాయనా? బలమున్నవాడిదే బతుకు. అది సృష్టిలోనే ఉంది" అన్నారు పెద్దాయన. "అలా అనిపించేట్టు చేయడమే ఈ వ్యవస్థ నేర్పు బాబాయ్ గారూ. మనుషులు చేసినదాన్ని ప్రకృతి చేసినట్టు చూపిస్తుంది. క్రిటికల్ థియరీ చెప్పేది అదే" అన్నాడు కుర్రవాడు. ఆ రోజు ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. ఆ తరువాత నాకు తోచినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ క్రిటికల్ థియరీ, అంటే విమర్శనాత్మక సిద్ధాంతం, సంగతి. 1923లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో సామాజిక పరిశోధన సంస్థ ఒకటి ఏర్పడింది. 1933లో నాజీలు అధికారానికి రాగానే దానిలోని పండితులు దేశం విడిచిపోవలసి వచ్చింది. సంస్థ జెనీవా మీదుగా న్యూయార్కు చేరింది. దాని అధిపతి మాక్స్ హోర్క్‌హైమర్ 1937లో రాసిన వ్యాసంలో సంప్రదాయ సిద్ధాంతానికీ విమర్శనాత్మక సిద్ధాంతానికీ భేదం చూపించాడు. మొదటిది ఉన్నదాన్ని ఉన్నట్టుగా కొలుస్తుంది. రెండోది ఈ ఉన్నది ఎలా వచ్చింది, దీనివల్ల ఎవరు బాగుపడుతున్నారు, ఇది ఇలాగే ఉండి తీరాలా అని అడుగుతుంది. ఈ పండితులు ‘రెండో ప్రకృతి’ అనే మాట వాడారు. మనుషులే చేసుకున్న ఏర్పాట్లు కాలం గడిచేకొద్దీ కొండల్లా నదుల్లా అనాదిగా ఉన్నట్టు కనబడడం అన్నమాట. బ్యాంకు భాషలో చెప్పాలంటే, మొదటివాడు బ్యాలెన్సు షీటులో కూడికలు సరిచూసే గుమాస్తా. రెండోవాడు ‘ఈ ఆస్తి ఎక్కడిది?’ అని అడిగే తనిఖీ అధికారి.

ఇక పెద్దాయన చెప్పిన పులి సంగతి. పులికీ జింకకూ మధ్య ఉన్నది పోటీ కాదు, ఆకలి. పోటీ అంటూ ఉంటే అది పులికీ పులికీ మధ్య, జింకకూ జింకకూ మధ్య. అదీ ప్రకృతిలో ఉంది, కాదనను. డార్విన్ 1859లో తన గ్రంథంలో దాన్ని విస్తారంగా చూపించాడు. అయితే ఆ ఆలోచన ప్రయాణం చేసిన దారి చూడండి. మనుషుల సంఖ్య తిండి కన్నా వేగంగా పెరుగుతుందని 1798లో రాసిన మాల్తస్ గ్రంథాన్ని డార్విన్ 1838లో చదివాడు. జీవజాతుల మధ్య సంఘర్షణ అనే సూత్రం అతనికి ఆ చదువులోనే స్పష్టపడింది. తరువాత 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ ‘యోగ్యతములే మిగులుతారు’ అనే అర్థమిచ్చే ప్రసిద్ధమైన మాట ప్రయోగించాడు. ఆ మాటను పట్టుకుని, అంగట్లో బలవంతుడు బలహీనుణ్ణి తొక్కడం ప్రకృతి శాసనమని చెప్పేవారు బయలుదేరారు. సమాజం నుంచి ప్రకృతికీ, ప్రకృతి నుంచి మళ్ళీ సమాజానికీ జరిగిన ఈ రాకపోకల్ని 1875లో ఎంగెల్స్ ఒక ఉత్తరంలో ఎత్తిచూపాడు.

కామర్సు చదివినవారికి దీన్ని చూస్తే అకామడేషన్ బిల్లు గుర్తుకు రావాలి. సరుకేమీ చేతులు మారకుండానే ఇద్దరు వ్యాపారులు ఒకరి మీద ఒకరు బిల్లులు రాసుకుని బ్యాంకులో డిస్కౌంటు చేయించుకుంటారు. ఇతని పరపతికి అతను సాక్షి, అతని పరపతికి ఇతను సాక్షి. డార్విన్ దగ్గర సరుకు లేదని నా భావం కాదు. ఆయన దగ్గర గోదాము నిండా సరుకుంది. కాని అది జీవజాతుల పరిణామానికి చెందిన సరుకు. దాన్ని మన ఆఫీసుకూ అంగడికీ హామీగా రాసుకున్నవారు వేరు.

అదే ప్రకృతిలో వేరే సాక్ష్యమూ ఉంది. యౌవనంలో సైబీరియాలో తిరిగిన రష్యన్ మేధావి క్రొపోట్కిన్, ఆ గడ్డు వాతావరణంలో జంతువులు ఒకదానికొకటి తోడై బతకడాన్ని తరచుగా చూశానని 1902లో ‘పరస్పర సహాయం’ అనే గ్రంథం వెలువరించాడు. డార్విన్ సైతం 1871 నాటి గ్రంథంలో సానుభూతికీ సహకారానికీ మనిషి పరిణామంలో పెద్ద స్థానమే ఇచ్చాడు. అంటే ప్రకృతి అనే సాక్షి ఇరుపక్షాల వైపూ మాట్లాడుతుంది. అలాంటి సాక్షిని నమ్మి తీర్పు చెప్పలేం. పైగా సహజమైనంత మాత్రాన మంచిదైపోదు. జ్వరం సహజమే, అసూయ సహజమే. రెంటికీ మందు వెతుకుతాంగాని గుడి కట్టం.

పుస్తకాలు అలా ఉంచి నా అనుభవంలోని సంగతి చెబుతాను. నేను గుమాస్తాగా చేరిన కొత్తలో మా బ్రాంచిలో ఏడెనిమిదిమందిమి సి.ఎ.ఐ.ఐ.బి. పరీక్షకు చదివేవాళ్ళం. పాసు మార్కు దాటితే చాలు, ఇంక్రిమెంటు వస్తుంది. ఒకరు పాసైతే ఇంకొకరికి నష్టం లేదు. సాయంత్రం క్యాషు టాలీ అయ్యాక భోజనాల గదిలో కూర్చుని ఒకరికొకరం పాఠాలు చెప్పుకునేవాళ్ళం. ఒకాయన లెక్కల్లో దిట్ట, మరొకాయన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టం కంఠతా పట్టినవాడు. రెండేళ్ళకు ఆఫీసరు ప్రమోషను పరీక్ష వచ్చింది. ఖాళీలు తక్కువ, రాసేవాళ్ళు ఎక్కువ. అదే గది, అదే బల్ల, అవే మనుషులు. వారం తిరక్కుండానే నోటు పుస్తకాలు సొరుగుల్లోకి వెళ్ళి తాళాలు పడ్డాయి. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఒక ముఖ్యమైన సర్క్యులరు ఫైలులో కనబడకుండా పోయి, పరీక్ష అయిన మర్నాడు యథాస్థానంలో ప్రత్యక్షమైంది. ఆ రెండేళ్ళలో మా స్వభావాలు మారాయా? మారింది పరీక్ష నియమం. మొదటిదానిలో హద్దు దాటినవారందరూ గెలుస్తారు. రెండోదానిలో పక్కవాడు ఓడితేనే నేను గెలుస్తాను. మనిషిలో సహకారమూ ఉంది, స్పర్ధా ఉంది. ఏది బయటికి రావాలో చాలావరకు నియమం రాసినవారు నిర్ణయిస్తున్నారు.

మన ఊరి సాఫ్ట్‌వేర్ కంపెనీలవారికి బాగా తెలిసిన బెల్ కర్వ్ పద్ధతి ఇందుకు ఉదాహరణ. బృందంలో అందరూ బాగా పనిచేసినా సరే, ఇంతమందిని పైన, ఇంతమందిని మధ్యన, ఇంతమందిని అడుగున చూపించి తీరాలి. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్ష్ దీనికి ప్రచారం తెచ్చాడు. ఆయన లెక్క పైన 20 శాతం, మధ్యన 70, అడుగున 10. మైక్రోసాఫ్ట్ ఇలాంటి పద్ధతిని చాలాకాలం నడిపి 2013లో వదులుకుంది. ఇక్కడ నా సందేహం ఒక్కటే. పోటీ నిజంగా ప్రకృతి ధర్మమైతే ఇంత శాతం మంది ఓడిపోవాలని ఆజ్ఞ జారీ చేయడం దేనికి? భూమ్యాకర్షణకు సర్క్యులరు అక్కర్లేదు గదా!

"సీట్లు తక్కువ, జనం ఎక్కువ, పోటీ పెట్టక ఏం చేస్తారు?" అని పెద్దాయన అడిగారు. ఇది బలమైన ప్రశ్న. కొరత నిజమే. కాని కొరతను పంచుకునే దారి పోటీ ఒక్కటే కాదు. ఒకప్పుడు మా కౌంటరు ముందు జనం తోసుకునేవారు. ఇత్తడి టోకెను చేతికివ్వగానే అదే జనం బెంచీ మీద కూర్చునేవారు. కౌంటరు ఒక్కటే, గుమాస్తా ఒక్కడే. కోలారు, చిక్కబళ్ళాపురం ప్రాంతాల చెరువుల కింద నీరుగంటి అనే మనిషి ఉండేవాడు. చెరువులో నీళ్ళు తక్కువైన ఏడు ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో వంతుల ప్రకారం అతను చూసేవాడు. పైమడివాడు బలవంతుడని నీళ్ళన్నీ తీసుకోవడానికి లేదు.

అయితే ఇక్కడ విమర్శనాత్మక సిద్ధాంతం నన్నూ ఒక ప్రశ్న అడుగుతుంది. ఆ నీరుగంటి చాలాచోట్ల దళిత కులాలవాడు, సొంత మడి లేనివాడు. నీళ్ళు నిష్పక్షపాతంగా పంచగలడని అతన్ని నమ్మడానికి అదీ ఒక కారణం. అందరికీ వంతు వేసినవాడికి వంతు లేదు. కనుక పాతకాలపు సహకారాన్ని తలచుకుని మురిసిపోవడమూ తగదు. సహకారం కూడా ఎవరి ఖర్చుతో నడిచిందో అడగవలసిందే.

పోటీ చేసిన మేలునూ చెప్పకపోతే లెక్క టాలీ కాదు. నాకు బ్యాంకులో ఎవరూ చుట్టాలు లేరు. బి.ఎస్.ఆర్.బి. పోటీ పరీక్ష లేకుంటే ఆ ఉద్యోగం ఎవరి మేనల్లుడికో వెళ్ళి ఉండేది. 1990ల మధ్యలో కొత్త ప్రైవేటు బ్యాంకులు వచ్చాకే మావంటివారు ఖాతాదారుకు కుర్చీ చూపించడం నేర్చుకున్నామని అంటే నేను కాదనలేను. సిఫారసుకూ పుట్టుకకూ ఎదురు నిలిచినప్పుడు పోటీ న్యాయానికి దారి అవుతుంది. భారతంలో కర్ణుడు రంగస్థలానికి వచ్చి కోరింది అదే. కృపుడు అతని కులగోత్రాలు అడిగి ఆ పోటీ జరగకుండా ఆపాడు. ఏకలవ్యుడి సంగతి మరీ విషాదం. అర్జునుణ్ణి మించినవాడు ఉండకూడదన్న మాట నిలబెట్టడానికి ద్రోణుడు బొటనవేలు అడిగాడు. ‘ప్రతిభావంతుడే గెలుస్తాడు’ అనేవారు ఈ రెండు కథలూ మరచిపోకూడదు. గెలుపు పట్టికలో మొదటి పేరు చూసినప్పుడు, పట్టికలోకే రానీయని పేర్లు ఎన్ని ఉన్నాయో కూడా తలచుకోవాలి.

కర్ణాటకలో ఉన్న తెలుగువాళ్ళకు దగ్గరి ఉదాహరణ ఇంకొకటి ఉంది. 2004లో తమిళానికి ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు అటు తెలుగువారిలోనూ ఇటు కన్నడిగులలోనూ ‘వాళ్ళకేనా?’ అన్న కుతకుత మొదలైంది. 2005లో సంస్కృతం, 2008లో తెలుగు, కన్నడం రెండూ, 2013లో మలయాళం, 2014లో ఒడియా, 2024లో మరాఠీ, బెంగాలీ, అస్సామీ, పాళీ, ప్రాకృతం చేరి మొత్తం 11 అయ్యాయి. కన్నడానికి వచ్చినందువల్ల తెలుగుకు ఏం తగ్గింది? అది ర్యాంకు కాదు గనక, పాసు మార్కు గనక, అందరికీ చోటు దొరికింది. రెండు భాషలూ పలికే కైవారం తాతయ్యగారి ప్రాంతంలో పుట్టినవారికి ఈ మాట వేరే చెప్పనవసరం లేదు. ఆయన రెండింటిలోనూ పాడారు. ఒకటి పెరిగితే ఇంకొకటి తరగాలన్న లెక్క ఆయనకు తట్టలేదు.

ఇంతకీ ఈ చర్చ అంతా ఎందుకంటారా? మా పక్కింట్లో ఒక కుర్రవాడున్నాడు. మెడికల్ ప్రవేశ పరీక్ష రెండుసార్లు రాశాడు. రెండోసారి మార్కులు పెరిగాయి. ర్యాంకు మాత్రం దిగజారింది. ఎందుకంటే తక్కినవారి మార్కులు ఇంకా ఎక్కువ పెరిగాయి. ఆ ఇంట్లో వారం రోజులు పొయ్యి వెలిగిందో లేదో తెలియదు. అతను గదిలోంచి బయటికి రాలేదు. "వీడు బతకలేడండీ, పోటీ ప్రపంచం" అని తండ్రి నాతో అన్నాడు. ఆ మాట తలుపు అవతలికి వినబడే ఉంటుంది.

పోటీ సహజమా కాదా అన్న ప్రశ్నకు పండితులు ఇంకా వందేళ్ళు వాదించుకోనీండి. నేను చెప్పదలచింది చిన్న విషయం. అతను నిరుటి కన్నా ఎక్కువ నేర్చుకున్నాడు, ఇది వాస్తవం. సీట్లు తక్కువ, ఇదీ వాస్తవమే. ఎన్ని కాలేజీలు కట్టాలో, ఎంతమంది డాక్టర్లు కావాలో, ఏ పద్ధతిలో ఎంపిక చేయాలో నిర్ణయించినవారు మనుషులు. ఈ మూడింటినీ కూడితే ‘పనికిరానివాడు’ అనే మొత్తం ఎలా వస్తుంది? ఆ అంకె ఏ పద్దులోనూ లేదు. మనమే తెచ్చి వేశాం. ప్రకృతి పేరు చెప్పడంలో ఉన్న సౌకర్యం ఇదే: నియమం రాసినవారు జవాబు చెప్పనక్కర్లేదు, ఓడినవాడు ఎవరినీ అడగడానికి లేదు.

బ్యాంకు లెడ్జరులో తప్పు పద్దు పడితే దాన్ని చెరిపివేయడానికి వీల్లేదు. గీత కొట్టి, సరైన అంకె పైన వేసి, బాధ్యుడైన అధికారి పొట్టి సంతకం చేయాలి. పోటీ ఉండవలసిన చోట ఉండనీండి. కాని దాన్ని రాసింది విధి కాదు, మనుషులు. రాసింది మనుషులు గనక గీత కొట్టి సంతకం చేయగలిగినవారూ మనుషులే. ఆ పని ఎవరి ఇంట్లో వాళ్ళం, పిల్లల ఎదుట, ఈ రోజే మొదలుపెట్టవచ్చు.