పెన్నమ్మ పుట్టింట్లో భోజనం

మా అత్తకు పిక్నిక్ అంటే గిట్టదు. తిండి కోసం ఇల్లు దాటి ఊరు దాటి పోవడమేమిటని ఆమె అభ్యంతరం. అదే కార్తీక వనభోజనం అనండి, అందరికంటే ముందు తయారై చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడుతుంది. చెట్టు కింద కూచుని తినడమే కదా అవ్వా, రెండిటికీ తేడా ఏమిటని నా కొడుకు దెప్పుతుంటాడు. వాడి మాటలో పస లేకపోలేదు. ఉసిరిచెట్టు ఉంటే వ్రతం, లేకుంటే షికారు. సంకల్పం చెప్పుకుంటే పుణ్యం, మరిచిపోతే కాలక్షేపం. హాయిగా గడిచిన రోజుకు పుణ్యం ఎందుకు రాకూడదు? బ్యాంకులో లెక్కలు రాసి రిటైరైనదాన్ని, ఏ పద్దు ఏ ఖాతాలో వేయాలన్న ప్రశ్న నన్ను ఊరికే వదలదు.

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం నంది కొండకు పోదామని మావాడు అన్నప్పుడు ఈ పేచీ మళ్లీ లేచింది. మేముండేది యలహంక. దేవనహళ్లి దాటి ఎడమకు తిరిగితే కొండ. జమ్మలమడుగు పక్కన మా పల్లెకు పోయే ప్రతిసారీ బస్సు కిటికీలోంచి చూసే కొండే. "ఆడ ఏముండాది, కోతులు తప్ప?" అంది అత్త. మన పెన్న పుట్టింది ఆ వరసలోనే, నంది పక్కనున్న చెన్నకేశవ కొండలో అని చెప్పాను. ఆమె ఒక్క నిమిషం నన్నే చూసింది. "పెన్నమ్మ పుట్టిల్లా? ముందే చెప్పొచ్చు గదమ్మే" అని లేచిపోయి శనగపప్పు పొయ్యిమీదికెక్కించింది. పుట్టింటికి పోతూ ఒట్టి చేతులతో పోరాదట. ఓళిగలు చేసింది.

ఆ కొండలు నిజంగా ఆడపిల్లల పుట్టిల్లే. ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, ఉత్తరానికి నడిచి హిందూపురం వైపు దిగి, అనంతపురం, కడప, నెల్లూరు సీమలు దాటుకుని 597 కిలోమీటర్లు పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని హోసూరు మీదుగా తమిళనాడుకు పోతుంది. అర్కావతి కావేరిని చేరుతుంది. బెంగళూరుకు మొదట గొట్టాల్లో నీళ్లు వచ్చింది 1890లలో ఆ అర్కావతి మీది హెసరఘట్ట నుంచే. చిత్రావతి పుట్టపర్తిని ఒరుసుకుని, పాపాఘ్ని గండి వీరాంజనేయుడి పాదాల పక్కగా పోయి, రెండూ కడప జిల్లాలోనే పెన్నలో పడతాయి. ఒక ఇంట పుట్టి విడిపోయిన ముగ్గురూ మెట్టినింట మళ్లీ కలుసుకుంటారన్నమాట. స్నానంలో నీళ్లలోకి నదుల్ని పిలిచే శ్లోకం మనందరికీ వచ్చు. అందులో ఏడు నదులున్నాయి. గోదావరి ఉంది, కావేరి ఉంది. కృష్ణే లేదు, ఇక పెన్న ఊసెక్కడ? మా అత్త మాత్రం శ్లోకం అయ్యాక చివర్న "పెన్నమ్మా, నువ్వు గూడా రా" అని తెలుగులో ఒక ముక్క కలుపుతుంది. పురోహితుడెవరూ నేర్పలేదు. ఆమె ధర్మశాస్త్రం అక్కడక్కడా ఇలా సొంతంగా పెరుగుతుంటుంది.

నేరుగా కొండమీదికి పోనివ్వలేదు అత్త. కింద నంది గ్రామంలో భోగ నందీశ్వరుణ్ణి చూడనిదే పైకి పోకూడదని కారు ఆపించింది. ఆ పట్టు వల్ల మాకు మేలే జరిగింది. బెంగళూరు జనం చీకటితోనే లేచి, సూర్యోదయం ఫోటో కోసం ఘాట్ రోడ్డులో బారులు తీరి, ఈ గుడి పక్కనుంచే తల తిప్పకుండా పోతారు. 9వ శతాబ్దపు ఆరంభం నాటి గుడి ఇది. నొలంబాధిరాజు శాసనం 806 నాటిదంటారు. చోళులు, హొయసళులు, విజయనగరం వాళ్లు తలా కొంత చేర్చుకుంటూ పోయారు. అరుణాచలేశ్వరుడు శివుడి బాల్యం, భోగ నందీశ్వరుడు యౌవనం, నడుమ ఉమామహేశ్వరుల గుడి పెళ్లి ముచ్చట. నల్లరాతి కల్యాణ మంటపం స్తంభాల మీద రాతిలో చేసిన సన్నని పనిని చూస్తూ అత్త చాలాసేపు కదల్లేదు. ఆ ప్రాకారంలోనే శృంగి తీర్థం, మెట్లకోనేరు. నంది కొమ్ముతో నేలను కుమ్మి గంగను పైకి తెచ్చాడని కథ. పినాకిని అక్కడే పుట్టిందంటారు అక్కడివాళ్లు. భూగోళం వేరేమైనా చెప్పనీ, మా అత్త ఆ మెట్టు మీద నీళ్లు తలమీద చల్లుకుంది.

ఇక పైన, 1,478 మీటర్ల ఎత్తున, యోగ నందీశ్వరుడు. సన్న్యాసి. ఆయనకు ఉత్సవాల్లేవు. శివరాత్రి తేరు, జాతర, సందడి అంతా కిందాయనకే. ఈ ఏర్పాటు చేసినవాళ్ల బుద్ధికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు. మనకు తెలిసిన వేదాంతమంతా భోగాన్ని తొలగించుకోవాల్సిన అడ్డంకిగా చెబుతుంది. ఇక్కడ మాత్రం భోగానికి గుడి కట్టి, తేరు లాగి, దాన్ని దాటాకే పైకి దారి పెట్టారు. కాలినడకన వెయ్యికి పైగా మెట్లున్నాయి. అనుభవించనివాడు దేన్ని విడిచిపెడతాడు? మనమేమో కిందాయన్ని వదిలేసి, ఉత్సవం వద్దన్న ఆ పై దేవుడి నెత్తిమీదికి స్పీకర్లు మోసుకుపోతున్నాం.

కొండమీద అమృత సరోవరం ఉంది. నాలుగు వైపులా మెట్లు దిగే చదరపు కొలను, ఊటనీళ్లతో నిండుతుంది. ఎగువగా చెట్ల నీడన దుప్పటి పరుచుకున్నాం. ఉసిరిచెట్టు కోసం అత్త ఇటూ అటూ చూసింది. మా చుట్టూ ఉన్నవన్నీ నీలగిరి చెట్లే. ఈ దేశంలో నీలగిరిని మొట్టమొదట నాటించింది ఈ కొండమీది తన తోటలో టిప్పు సుల్తానేనని, 1790 ప్రాంతంలోనని చెబుతారు. ఎక్కడి ఆస్ట్రేలియా చెట్టు! అత్త ఏమీ తడబడలేదు. మల్లేశ్వరం మార్కెట్లో కొన్న ఉసిరికొమ్మను సంచిలోంచి తీసి, ఆ మానుకు దారంతో కట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఇప్పుడు సరిపోయింది అంది. మావాడు నవ్వు ఆపుకోలేక కోతుల్ని తరిమే నెపంతో దూరం పోయాడు.

పక్కనే ఆడవాళ్ల గుంపు ఒకటి కూచుని ఉంది. గౌరిబిదనూరు నుంచి వచ్చారట, బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తారట. మాట కలిసింది, ఎందుకంటే వాళ్లదీ ఇంట్లో తెలుగే. గౌరిబిదనూరు కూడా పెన్న ఒడ్డే. "మీ కాడ నీళ్లు పారతాయామ్మా?" అని అత్త అడిగింది. వానొస్తేనే అన్నారు వాళ్లు. మా కాడా అంతే అంది అత్త. ఈ మధ్య మా వైపు గండికోట జలాశయంలో కనిపించే నీళ్లలో చాలావరకు కృష్ణ నీళ్లు, శ్రీశైలం నుంచి కాలువల్లో వచ్చినవి. వాళ్లలో పెద్దామె రాగిరొట్టె, చెనిక్కాయల చట్నీ ఆకులో పెట్టి అత్త ముందుకు చాపింది. అత్త అడగనే అడిగింది, "మీరేమోళ్లు?" అని. ఆమె దాపరికం లేకుండా చెప్పింది. అది ఇక్కడ అనవసరం.

అత్త రొట్టెను రెండు చేతులా అందుకుంది. కళ్లకద్దుకుంది. ఆకు మడిచి పక్కన పెట్టింది. తన డబ్బా తెరిచి ఓళిగలు వాళ్లందరికీ పంచింది, నెయ్యి కూడా వేసింది. వాళ్లు తిన్నారు, బాగున్నాయన్నారు. పక్కనున్న రొట్టె పక్కనే ఉండిపోయింది. కాసేపటికి ఒక కోతి వచ్చి ఆకుతో సహా ఎత్తుకుపోయింది. అత్త తేలికపడిందో, నొచ్చుకుందో ముఖం చూసి చెప్పలేకపోయాను.

హాయిగా గడిచిన రోజుకు పుణ్యం ఎందుకు రాదన్న నా ప్రశ్నకు జవాబు ఆ ఆకు మడతలోనే ఉందని నాకనిపించింది. ఇవ్వడం మనకు వచ్చు. దానాల మీద మనవాళ్లు రాయనిది లేదు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో హేమాద్రి రాసిన చతుర్వర్గ చింతామణిలో దానఖండమే ఒక పెద్ద గ్రంథం. పుచ్చుకోవడం మాత్రం మనకు తక్కువతనం. ప్రతిగ్రహం వల్ల బ్రాహ్మణుడి తేజస్సు తరిగిపోతుందని మనుస్మృతి హెచ్చరిస్తుంది. ఇచ్చినవాడి చెయ్యి పైన, పుచ్చుకున్నవాడి చెయ్యి కింద. అందుకే మన పుణ్యమంతా ఇవ్వడం చుట్టూనే తిరుగుతుంది. నిజానికి కొండమీద గడిపిన ఆ పూట మేం ఇచ్చిందేముంది? గాలి పుచ్చుకున్నాం, నీడ పుచ్చుకున్నాం, ఊరికే కూచోవడాన్ని పుచ్చుకున్నాం. 1927లో ఒళ్లు చెడిన గాంధీ ఈ కొండమీదే వారాల తరబడి ఉండి కోలుకున్నాడు, 1936లో మళ్లీ వచ్చాడు. 1986లో సార్క్ దేశాధినేతలు బెంగళూరు సభ నడుమ ఇక్కడికే వచ్చి కూచున్నారు. ఎవరైనా ఈ కొండకు వచ్చేది పుచ్చుకోవడానికే. పిక్నిక్‌ను మనం చులకన చేసేది, బహుశా అందులో ఇచ్చామని చెప్పుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి.

వనభోజనం కూడా ఒకప్పుడు పుచ్చుకోవడం నేర్పే వ్రతమే అయివుండాలని నా ఊహ. ఇంట్లో మడి, వంటింటి గడప, ఎవరి కంచం వాళ్లది. ఏడాదికొకరోజు ఆ గడప లేని చోటికి వచ్చి, ఒకరు తెచ్చింది ఇంకొకరు తినడం. ఇప్పుడు అదేమైంది? కార్తీకం వస్తే చాలు, ఆంధ్రలోనైనా బెంగళూరులోనైనా, ఏ కులం వనభోజనాలు ఆ కులానివే. తోటలు అద్దెకు తీసుకుంటారు, ఫ్లెక్సీలు కడతారు, వేదిక మీద నాయకులు మన ఐక్యత గురించి మాట్లాడతారు. అడవికి పోయి కూడా వంటింటి గడపను వెంట మోసుకుపోవడం ఇది. ఉసిరిచెట్టుంది, సంకల్పముంది, దీపముంది, అన్నీ ఉన్నాయి. మంత్రం లేని నంది కొండ ఆదివారం గుంపులో మాత్రం ఎవడి దుప్పటి పక్కన ఎవడి దుప్పటో ఎవరికీ పట్టదు. ఆ మాట వరకు పిక్నిక్‌దే పైచేయి అంటాను. కానీ అదీ పూర్తి నిజం కాదు. పక్కపక్కనే కూచుంటారు, ఎవరి చిప్స్ పొట్లం వాళ్లు తింటారు. ఆకు చాపినవాళ్లు ఆ గౌరిబిదనూరు ఆడవాళ్లొక్కరే.

నీళ్లకు ఈ బాధ లేదు. హెబ్బాళ, నాగవార లోయల్లో చేరే బెంగళూరు మురుగును శుద్ధి చేసి, గొట్టాల్లో ఎక్కించి, చిక్కబళ్లాపుర చుట్టుపక్కల చెరువులు నింపుతున్నారు. నదులు పుట్టే కొండల కింది పల్లెలకు మా స్నానాల నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు తిరిగి వస్తున్నాయి. ఆ శుద్ధి చాలదని రైతులు గొడవ చేస్తూనే ఉన్నారు, అది న్యాయమైన గొడవే. కానీ ఆ గొట్టంలో ఏ ఇంటి నీళ్లు ఎవరివో విడదీయడం ఏ శాస్త్రానికి సాధ్యం? కాశీఖండంలో అగస్త్యుడు లోపాముద్రకు చెబుతాడు, తీర్థంలోనే పుట్టి తీర్థంలోనే చచ్చే జలచరాలు స్వర్గానికి పోవు, మనసు కడుక్కోలేదు గనుక అని. అత్తకు ఆ కథ తెలుసు. ఆమె నాకు చెప్పిందే.

ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం విడిచిపెట్టి అనుభవించమంటుంది. శాస్త్రాలన్నీ కాలిపోయి ఆ ఒక్క మంత్రం మిగిలినా హిందూమతం బతుకుతుందని గాంధీ 1937 జనవరిలో తిరువాన్కూరు సభల్లో అన్నాడు. రెండు నెలల ముందే అక్కడ గుడి తలుపులు అన్ని కులాలకూ తెరిచారు. విడిచిపెట్టాల్సింది రుచినా, ఓళిగనా, కొండగాలినా? అవి కావు. ఎవరి చేతిది తినొచ్చు, ఎవరి చేతిది తినకూడదు అన్న లెక్కను. అది విడిస్తే మిగిలిందంతా భోగమే, తప్పేం లేదు. ఈ మాట అత్తతో అనే ధైర్యం నాకింకా రాలేదు. డెబ్బై దాటిన మనిషి.

ఈ ఏడు కార్తీకానికి మా సంఘం నుంచి ఫోనొచ్చింది, ఎంతమంది వస్తారు, ఆకులు లెక్కేసుకోవాలి అని. మా పై వాటాలో అద్దెకున్నవాళ్లను కూడా తీసుకురావచ్చా అని అడిగాను. "మనవాళ్లేనా మేడమ్?" అన్నాడు అవతలి మనిషి. నేను నసుగుతుండగా అత్త ఫోను లాక్కుంది. "మమ్మల్ని రాసుకోవద్దు నాయనా, మేం పుష్పగిరికి పోతాండాం" అంది. కమలాపురం దిగువన పెన్న ఒడ్డున ఉన్న పుష్పగిరి దగ్గరికి వచ్చేసరికి చిత్రావతి, పాపాఘ్ని రెండూ పెన్నలో కలిసే ఉంటాయి. ఆ మాట ఆమెకు చెప్పింది నేనే. పై వాటా వాళ్లను పిలవమంది. వాళ్లు కూడా ఏదో ఒకటి వండి తెస్తారు కదా అత్తా, తింటావా మరి అని అడిగాను.

"ఆడికి పోయినాక చూస్తాంలేమ్మే," అంది.