రుచి చూచుట వేరు, కలిసి భుజించుట వేరు



ఈమధ్య ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక చిన్నది తన నాయనమ్మకు సెల్‌ఫోనులో ఒక దృశ్యము చూపించింది. అది దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 1905లో మొదలైన గ్వాంగ్‌జాంగ్ బజారు. అక్కడ ఒక పెద్దావిడ నానబెట్టిన పెసలు రుబ్బి, పెనము మీద మందపాటి అట్లు వేస్తున్నది. వాటి పేరు బిందెట్టొక్ అట. నాయనమ్మ కళ్ళజోడు సవరించుకొని చూచి, "ఇది మన పెసరట్టే కదే!" అన్నది. అందరమూ నవ్వాము. చిన్నది మాత్రము, "మనము కూడ అలాంటి వీధికి వెళ్ళి అందరి తిండ్లూ తిని చూద్దామా?" అని అడిగింది.

అందుకు సియోల్ దాకా పోనక్కరలేదు, మన బల్లార్‌పూర్ బజారు చాలును అనుకొని, మరునాటి సాయంత్రము పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరాము. మొదట ఒక మరాఠీ ఆయన బండి దగ్గర ఆలూబొండా తీసుకున్నాము. దాని మీద శనగలతో కాచిన ఎర్రని తర్రీ పోసి ఇచ్చాడు. కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరికొంత దూరములో బీహారు నుండి వచ్చిన ఒకతను నిప్పుల మీద లిట్టీలు కాలుస్తున్నాడు. వాటితో ఇచ్చిన చోఖా అచ్చము మన కాల్చిన వంకాయ పచ్చడిలాగే ఉన్నది. మన తెలుగువారి దోసె బండి చుట్టూ ఉన్నవారిలో తెలుగువారు తక్కువ, ఇతరులే ఎక్కువ. వార్ధా నది ఒడ్డున గోండు రాజుల కోట ఉన్న ఈ ఊరికి బొగ్గు గనులూ, కాగితపు మిల్లూ, ఢిల్లీ చెన్నై రైలు మార్గమూ నలుదిక్కుల జనాన్ని తెచ్చాయి. జనముతోబాటు వారి వంటలూ వచ్చాయి.

ఇంటికి వచ్చేటప్పుడు పిల్లలు, "ఈ రోజు మనము అందరితోనూ కలిసి తిన్నాము" అని సంతోషించారు. ఆ మాట విని మేము ఆలోచనలో పడ్డాము. నిజముగా అందరితోనూ కలిసి తిన్నామా? లేక అందరి దగ్గరా కొనుక్కొని తిన్నామా? లిట్టీ కాల్చిన అతని పేరు మేము అడగలేదు. అతడు రాత్రి ఎక్కడ పండుకుంటాడో, ఎవరితో కలిసి తింటాడో మాకు తెలియదు. డబ్బు ఇచ్చాము, తిన్నాము, చెయ్యి కడుగుకొని వచ్చాము. రుచి చూచుటకు నాలుక ఉంటే చాలును. కలిసి భుజించుటకు నాలుక చాలదు.

కొరియాలోనే అన్సాన్ అనే పారిశ్రామిక పట్టణము ఉన్నది. అక్కడి కర్మాగారాలలో పని చేయడానికి అనేక దేశాల కూలీలు వచ్చి వోన్‌గొక్ అనే పేటలో స్థిరపడ్డారు. 2009లో దానిని బహుళ సంస్కృతుల ప్రత్యేక ప్రాంతముగా గుర్తించారు. ఇటువంటి పేటలలో దుకాణాలు ఎందుకు వెలుస్తాయి? ఇల్లు విడిచి వచ్చినవానికి తన అమ్మ వంట గుర్తుకు వస్తుంది గనుక. వేడుకగా తిని చూచేవారు తరువాత వస్తారు. మనకు కొత్త రుచి అయినది వానికి ఇంటి మీద బెంగ. ఈ సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మన పెద్దలు కరీంనగరు, ఆదిలాబాదు, వరంగల్లు వైపుల నుండి పెట్టె, చాప పట్టుకొని ఈ గనులకు వచ్చినప్పుడు చింతపండు పులుసు కోసము ఎంత అంగలార్చారో మన ఇండ్లలో ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాము.

పంక్తిలో చోటు అనేది మన చరిత్రలో చిన్న మాట కాదు. 1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొరగారి వద్దకు మొదటి రోజులలోనే పై కులాలవారు వచ్చి, మాదిగవారిని చేర్చుకుంటే తాము రామని చెప్పారు. దొరగారూ దొరసానిగారూ ఎవరికి వారు బైబిలు తెరవగా ఇద్దరికీ మొదటి కొరింథీయులకు మొదటి అధ్యాయములోని ఒకే భాగము వచ్చినదని చెప్పుకుంటాము. వారు బీదవారినే చేర్చుకున్నారు. 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇక్కడి మన పొరుగువారికీ ఈ బాధ తెలుసు. 1927లో మహాడ్ చెరువులో నీళ్ళు త్రాగే హక్కు కోసము నడిచిన అంబేద్కర్ గారు 1956 అక్టోబరు 16న మన చంద్రపూర్‌లోనే ప్రజలకు బౌద్ధ దీక్ష ఇచ్చారు. వేరే గ్లాసు, వేరే వరుస అంటే ఏమిటో వారి ఇండ్లలోనూ మన ఇండ్లలోనూ పెద్దలు అనుభవించినదే.

అయినను జ్ఞాపకము త్వరగా మాసిపోతుంది. గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము చూడండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనము చేస్తూ ఉండెను. యెరూషలేము నుండి కొందరు రాగానే వెనుకకు తీసి వేరైపోయెను. యొప్పేలో దర్శనము చూచినవాడే ఆయన. పేతురు ఎవరినీ తిట్టలేదు, ఎవరి కూరనూ నిందించలేదు. కూర్చున్న చోటు మాత్రమే మార్చాడు. అంతమాత్రానికే పౌలు ఆయనను ముఖాముఖిగా ఎదిరించాడు.

ఇక్కడ మనలో కొందరు న్యాయముగానే ఒక ప్రశ్న అడుగుతారు. పొరుగువారు పండుగనాడు తమ దేవతకు పెట్టినది తెచ్చి ఇస్తే ఏమి చేయాలి? పౌలు మొదటి కొరింథీయులకు పదవ అధ్యాయములో దీనికి దారి చూపాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే, పెట్టినది విచారణ చేయకుండ తినవచ్చును. అది బలి అర్పించినదని ఒకరు చెప్పినప్పుడు అతని మనస్సాక్షి నిమిత్తము మానవలెను. మానుట తప్పు కాదు. అయితే మానే విధానము ఉన్నది. చేతులు జోడించి, "అక్కా, ఇది మేము తీసుకోము, మీ ఇంటికి మాత్రము తప్పక వస్తాము" అని చెప్పవచ్చును. పదార్థాన్ని వద్దనుట వేరు, మనిషిని వద్దనుట వేరు.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకుంటాము. పోయిన క్రిస్మసుకు ఊరి బయట రేకుల షెడ్లలో ఉన్న కొత్త కూలీ కుటుంబాలకు ప్రేమ విందు భోజనము పంపించాము. ప్లాస్టిక్ సంచులలో కట్టి, యౌవనస్థుల చేత పంచిపెట్టించి, మంచి పని చేశామని సంతోషించాము. తరువాత మా పెద్దమ్మ ఒకామె అన్నది: "మేము ఈ ఊరికి వచ్చిన మొదటి వారము పక్కింటి మరాఠీ అక్క గిన్నెలో పిఠలా పెట్టి, పైన జొన్న భాకరీ మూసి ఇచ్చింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు గదా అని నేను పులిహోర పెట్టి ఇచ్చాను. ఆ గిన్నె ఇరవై యేండ్లు అటూ ఇటూ తిరిగింది. మీరు ఇచ్చిన సంచిని వాళ్ళు ఏమి పెట్టి తిరిగి ఇస్తారు?"

మేము జవాబు చెప్పలేకపోయాము. సంచి కట్టి పంపినప్పుడు మేము ఇచ్చేవారముగానే ఉండిపోయాము. వారిని పుచ్చుకునేవారిగానే ఉంచాము. ఆకలి తీరింది, నిజమే, అది చిన్న మేలు కాదు. కాని వారు మనకు పెట్టే దారి మూసివేశాము. బజారులో డబ్బు ఇచ్చి లెక్క తీర్చుకున్నట్టే, ఇక్కడ దానము ఇచ్చి లెక్క తీర్చుకున్నాము. పొరుగుతనములో లెక్క తీరకూడదు. గిన్నె తిరుగుతూ ఉండవలెను.

కాబట్టి ఈసారి ప్రేమ విందుకు ఆ కుటుంబాలను పిలిచి మన వరుసలోనే, మన పిల్లల ప్రక్కనే కూర్చోబెట్టాలని అనుకున్నాము. రాలేనివారికి స్టీలు గిన్నెలలో పంపుదాము. ఆ గిన్నె తిరిగి వచ్చినప్పుడు అందులో ఏమి ఉన్నా, కారమెక్కువైనా, ఉప్పు తక్కువైనా, వారి ఎదుటనే కూర్చుండి తిందాము. వారు తమ షెడ్డుకు పిలిస్తే పని ఉన్నదని తప్పించుకొనక వెళ్ళుదాము. చెప్పుట సులువు, చేయుట కష్టము అని మాకు తెలుసు. మనలో ఎవరు మొదట వెళ్ళి వారి పేర్లు అడుగుతారు? లిట్టీ బండి అతని వద్దకు మేము ఈ వారమే వెళ్ళబోతున్నాము.