గొంతు ఒక అమానత్

మానవుల భాషలలో, రంగులలో ఉన్న వైవిధ్యాన్ని అల్లాహ్ తన సూచనలలో ఒకటిగా దివ్య ఖుర్ఆన్‌లో (రూమ్: 22) పేర్కొన్నాడు. కంఠస్వరం కూడా అలాంటి సూచనే. ఒకే తల్లి బిడ్డలైనా ఒకరి గొంతు మరొకరి గొంతులా ఉండదు. ఈ గొంతును మనం సంపాదించుకోలేదు. అది మనకు అప్పగించబడిన అమానత్. అమానత్ గురించి రేపు ప్రళయ దినాన ప్రశ్న ఉంటుంది.

నేడు నిజామాబాద్, బోధన్ పట్టణాల్లోనూ మన పిల్లలు నాత్‌లు, ఖిరాఅత్ ఫోనులోనే రికార్డు చేసుకుంటున్నారు. వాటిని కంప్యూటర్‌లో సవరించి బంధుమిత్రులకు పంపుకుంటున్నారు. ఇక్కడే ఒక ధర్మసందేహం తలెత్తుతుంది. గొంతు శ్రుతి తప్పిన చోట యంత్రంతో సరిచేయడం అలంకరణా, మోసమా? వాద్యాలకు సంబంధించిన ఫిఖ్హ్ చర్చను ఇక్కడ పక్కన పెడదాం. కేవలం గొంతు విషయమే చూద్దాం.

ముందు ఈ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. రికార్డు చేసిన గొంతు కంప్యూటర్ తెర మీద అలలుగా కనిపిస్తుంది. దాని వెంబడి ఒక గీత ఉంటుంది. ఆ గీత మీద చుక్కలు పెట్టి ఒక చోట పైకి, మరో చోట కిందికి లాగితే, ఆ గీత ప్రకారం గొంతు స్థాయి దానంతటదే హెచ్చుతగ్గులవుతుంది. పూర్వం టేపును వేగంగా తిప్పితే గొంతు సన్నబడేది, పాట కూడా పొట్టిదయ్యేది. ఇప్పుడు నిడివి మారకుండానే స్థాయిని మార్చవచ్చు. భూగర్భంలో చమురు జాడ తెలుసుకోవడానికి ధ్వని తరంగాలను పరిశీలించే రంగంలో పనిచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజనీరు 1997లో ‘ఆటో ట్యూన్’ అనే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేశాడు. తప్పిన శ్రుతిని అది తనంతట తానే సరిచేస్తుంది. ఆ తర్వాత ఈ పద్ధతి ప్రపంచమంతటా పాకింది.

గొంతును అందంగా మలచుకోవడం ఇస్లాంలో నిషిద్ధం కాదు. పైగా ఖుర్ఆన్‌ను మీ స్వరాలతో అలంకరించండని దైవప్రవక్త (స) ప్రోత్సహించారు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) రాత్రివేళ ఖుర్ఆన్ పారాయణం చేస్తుండగా ఆయన (స) ఆగి విన్నారు. ఈయనకు దావూద్ (అలై) వంశీయుల మధుర స్వరంలో భాగం లభించిందని మెచ్చుకున్నారు. తమరు వింటున్నారని తెలిసి ఉంటే ఇంకా అందంగా ఓదేవాడినని అబూ మూసా (రజి) విన్నవించుకున్నట్లు ఉల్లేఖనాల్లో ఉంది. దీన్నిబట్టి, వినేవారి కోసం గొంతును శ్రద్ధగా పలికించడమే రియా (ప్రదర్శనాబుద్ధి) కాదని తెలుస్తోంది.

అయితే ఇంకో వైపు కూడా చూడాలి. బజారులో ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీశారు. మోసగించేవాడు మనలోని వాడు కాదని హెచ్చరించారు. తడవడం అతని నేరం కాదు. దాచడం నేరం. తాము చేయని పనికి కూడా పొగడ్తలు ఆశించేవారిని ఖుర్ఆన్ (ఆలి ఇమ్రాన్: 188) తీవ్రంగా మందలించింది.

బోధన్ ప్రాంతం వారికి చెరకు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడినా చెరకు, బెల్లం మాట ఇక్కడివారికి కొత్త కాదు. చెరకు రసం కాగుతుంటే పైకి తేలిన తెట్టును గరిటెతో తీసేస్తారు. అది శుభ్రపరచడం. కానీ నల్లని బెల్లం బంగారు రంగులో మెరవాలని హైడ్రోస్ కలిపితే, కొనేవాడు రంగు చూసి మోసపోతాడు. రికార్డింగులో ఫ్యాను చప్పుడు, వీధి రొద తీసేయడం తెట్టు తీయడం లాంటిది. లేని గాత్రాన్ని ఉన్నట్లు వినిపించి, ఆ గాత్రానికే మెప్పు పొందడం హైడ్రోస్ కలపడం లాంటిది.

“మైకు కూడా గొంతును మారుస్తుంది కదా?” అని ఎవరైనా అడగవచ్చు. మైకు ఉన్న గొంతును దూరానికి చేరుస్తుంది. శబ్దం పెద్దదైనందుకు ముఅజ్జిన్‌ను ఎవరూ పొగడరు. కానీ నిలకడకు, శ్రుతికి పొగుడుతారు. పొగడ్త దేనికి దక్కుతున్నదో అది నిజంగా మనదేనా? ఈ ప్రశ్న దగ్గరే అలంకరణ, మోసం విడిపోతాయి.

ఖుర్ఆన్ పారాయణం విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి. ఈ సాఫ్ట్‌వేర్ సాధారణంగా సప్తకాన్ని 12 సమానమైన మెట్లుగా విభజించి, గొంతును దగ్గరి మెట్టు మీదికి లాగుతుంది. అరబ్బు ఖారీలు ఓదే బయాతీ, రాస్త్ వంటి బాణీల్లో ఆ మెట్ల నడుమ నిలిచే స్వరాలున్నాయి. యంత్రం ఒప్పును తప్పనుకొని దిద్దుతుంది. ఇక నిడివిని కూడా సాగదీసినా, కుదించినా మద్ కొలతలే దెబ్బతింటాయి. 1961లో ఈజిప్టు ఖారీ షేఖ్ మహమూద్ ఖలీల్ అల్ హుస్రీ గారి సంపూర్ణ ఖుర్ఆన్ రికార్డింగు వెలువడింది. జనం సరైన పారాయణం నేర్చుకోవడమే దాని ఉద్దేశ్యం. పారాయణంలో తప్పు దొర్లితే మళ్ళీ ఓది రికార్డు చేయడం గ్రంథం పట్ల అమానత్. ఒక మనిషి ప్రతిష్ఠ కోసం గీత గీసి గొంతు మార్చడం వేరు.

తల్లిదండ్రులారా! ఒక్క విషయం ఆలోచించండి. ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెండు పుణ్యాలున్నాయని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. మీ పిల్లవాడి గొంతు వణికింది. మీరు దాన్ని యంత్రంతో సరిచేయించి అందరికీ పంపారు. అందరూ మెచ్చుకున్నారు. అయితే మెచ్చుకున్నది తన గొంతును కాదని ఆ పిల్లవాడికి తెలుసు. మరుసటి రోజు ఉస్తాద్ ముందు కూర్చున్నప్పుడు తన అసలు గొంతు మీద తనకే చిన్నచూపు కలుగుతుంది. ఏ తడబాటుకు రెండు పుణ్యాలు రాసి ఉన్నాయో, దాన్నే మనం సిగ్గుపడవలసిన విషయంగా నేర్పినవాళ్ళమవుతాం.

కనుక ఖిరాఅత్ పోటీలకు పంపే రికార్డింగులో గొంతును ఏమాత్రం మార్చకండి. నాత్‌లో సవరణ చేయిస్తే ఆ సంగతి చెప్పండి. చెప్పడానికి సిగ్గేస్తే, ఆ సిగ్గే మీకు జవాబు. స్టూడియోలో పనిచేసే సోదరులు కూడా, తమ చేతిపనిని ఇంకొకరి గొంతుగా అమ్మవలసి వస్తే, అల్లాహ్‌కు భయపడి నిజం చెప్పాలి.

ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక విశేషముంది. గీతను ఎంత మార్చినా అసలు రికార్డింగు చెక్కుచెదరదు. గీత చెరిపితే పాత గొంతే వినిపిస్తుంది. మన నోట వెలువడే ప్రతి మాటనూ నమోదు చేయడానికి ఒక పర్యవేక్షకుడు సిద్ధంగా ఉన్నాడని ఖుర్ఆన్ (ఖాఫ్: 18) తెలియజేస్తోంది. ఆ దైవదూతల వద్ద ఉన్నది సవరించని ప్రతి. అల్లాహ్ సన్నిధిలో విప్పబడేదీ అదే. ఆ ప్రతిని అందంగా ఉంచుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.